పార్టీలకు అతీతమైన పౌర బృందంలో చేరడం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక డివిజన్ (నగరపాలక సంస్థ వార్డు) స్థాయి పౌర బృందంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఓటరు జాబితాలను ఇంటింటికీ తిరిగి సరిచూడడం, స్థానిక పనులపై సమాచార హక్కు దరఖాస్తులు పెట్టడం, ఎన్నికలకు ముందు అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణపత్రాల్లోని (అఫిడవిట్లలోని) వివరాలను ఓటర్లకు చేర్చడం మా ముఖ్యమైన పనులు. చేరాలని వచ్చేవారి మనసులోనూ, దూరంగా ఉండిపోయేవారి మనసులోనూ నాకు తరచుగా కనిపించిన అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఏ పార్టీకీ చెందని బృందమంటూ ఉండదు, లోలోపల అందరూ ఎవరో ఒకరి మనుషులే.

వాస్తవం: ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 1996లో పౌర ఉద్యమంగా మొదలైన లోక్‌సత్తా 2006లో రాజకీయ పార్టీగా మారింది. అది వారు బహిరంగంగా ప్రకటించి తీసుకున్న నిర్ణయమే అయినా, మాలాంటి చిన్న బృందాలను "మీరెప్పుడు పార్టీ పెడతారు?" అని జనం ఇప్పటికీ అడుగుతారు. అయితే దారి అదొక్కటే కాదు. 1999లో ఏర్పడిన అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ అనే స్వచ్ఛంద సంస్థ పార్టీగా మారకుండానే పనిచేస్తోంది. ఆ సంస్థ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2002 మే 2న వచ్చిన తీర్పుతోనే అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు, చదువు వివరాలను ప్రకటించడం మొదలైంది.

పార్టీలకు అతీతంగా ఉండడమంటే అభిప్రాయాలు లేకుండా ఉండడం కాదు. మా సభ్యుల్లో వేర్వేరు పార్టీలకు ఓటు వేసేవారున్నారు, ఆ సంగతి ఒకరికొకరికి తెలుసు కూడా. మేము పాటించే నియమాలు కొన్నే: సమావేశానికి ఎవరూ పార్టీ కండువాతో రాకూడదు, కార్యవర్గంలో ఉన్నవారు ఏ అభ్యర్థి తరఫునైనా ప్రచారానికి వెళ్లదలిస్తే ముందుగా పదవి వదులుకోవాలి, అభ్యర్థుల నుంచి గానీ, కార్పొరేటర్ల నుంచి గానీ, డివిజన్‌లో పనులు చేసే కాంట్రాక్టర్ల నుంచి గానీ ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. వీటి విలువ మాకు నష్టపోయాకే తెలిసింది. తొలి రోజుల్లో మా సభ్యుడొకరు బృందం వాట్సాప్ గ్రూపులో ఒక అభ్యర్థి ప్రచార పాటను పంచుకున్నారు. గంటలోనే తీసివేయించాము, కానీ అప్పటికే ఆ సంగతి మూడు బస్తీలకు పాకింది. ఆ తరువాత దాదాపు రెండేళ్ల పాటు అక్కడి ఇళ్లలో మమ్మల్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేవారు.

అపోహ: ఓటరు కార్డు చేతిలో ఉంటే ఓటు ఉన్నట్టే. జాబితా చూసుకోవడం అధికారుల పని.

వాస్తవం: కార్డు గుర్తింపు పత్రం మాత్రమే, ఓటు హక్కు జాబితాలోని పేరుతో వస్తుంది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజున, కార్డులు పట్టుకుని వరుసలో నిలబడిన ఎందరో తమ పేర్లు గల్లంతయ్యాయని తెలిసి వెనుదిరిగారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణ వచ్చింది కానీ పోయిన ఓటు తిరిగి రాలేదు. నామినేషన్ల గడువు ముగిశాక ఆ ఎన్నిక కోసం జాబితాలో పేరు చేర్చడం చట్టరీత్యా కుదరదు కనుక, పోలింగ్ రోజున ఎవరిని ప్రాధేయపడినా ప్రయోజనం ఉండదు.

అందుకే మా పనిలో సగానికి పైగా ఎన్నికలు లేని నెలల్లోనే జరుగుతుంది. ఒక పోలింగ్ కేంద్రం జాబితాలో సుమారు వెయ్యి పేర్లుంటాయి. ఐదుగురు కలిసి రెండు మూడు ఆదివారాలు తిరిగితే దాన్ని మొత్తం సరిచూడవచ్చు. కొత్తగా నమోదుకు ఫారం 6, పేరు తొలగింపునకు లేదా అభ్యంతరానికి ఫారం 7, దిద్దుబాట్లకు, ఇల్లు మారినప్పుడు చిరునామా మార్పునకు ఫారం 8 వాడాలి. ఇల్లు మారినవారు మళ్లీ ఫారం 6 నింపడం మేము రోజూ చూసే పొరపాటు. ఒకే మనిషి పేరు రెండు చోట్ల ఉండడానికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. పద్దెనిమిదేళ్లు నిండడానికి జనవరి 1 ఒక్కటే లెక్క అని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ అర్హత తేదీలే.

తొలగింపుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇల్లు మారారనో, అర్హత లేదనో ఒకరి పేరు తీసేసే ముందు వారికి తమ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. నిర్ణయం నచ్చకపోతే జిల్లా అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. మా బృందం తనంతట తానుగా ఎవరి మీదా ఫారం 7 వేయదు. చనిపోయినవారి పేర్ల విషయంలో కుటుంబ సభ్యులతోనే వేయిస్తుంది. ఎనభై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ పేరు మరణించారన్న కారణంతో తొలగిపోయిందని మాకు ఆమె ఇంటి అరుగు మీదే, ఆమె ఎదురుగానే తెలిసింది. ఆమెను మళ్లీ కొత్త ఓటరుగా ఫారం 6 నింపమని అడగవలసి వచ్చినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తీరలేదు.

అపోహ: సొంత ఊళ్లో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి, రెండు ఓట్లున్నా నష్టం లేదు.

వాస్తవం: ఒకరి పేరు ఒక్క నియోజకవర్గంలోనే, అదీ ఒక్కసారే ఉండాలి. నమోదు కోసం తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఒకే రోజు పోలింగ్ జరిగినప్పుడు, ఇక్కడ స్థిరపడిన ఎన్నో కుటుంబాలు ఏ ఊరి ఓటు ఉంచుకోవాలన్న ప్రశ్నను తీరిగ్గా ఆలోచించాయి. ఊరిపై మమకారం ఉండడం తప్పు కాదు, కానీ చట్టం చూసేది సాధారణంగా నివసించే చోటునే. మీ వీధి కాలువ గురించి నిర్ణయించే వార్డు ఎన్నికల జాబితా కూడా ఇక్కడి శాసనసభ జాబితా ఆధారంగానే తయారవుతుంది.

అపోహ: ఇది రిటైరైనవారికీ, ఇంగ్లీషు చదువులు చదివినవారికీ సరిపడే పని.

వాస్తవం: దరఖాస్తులు తెలుగులోనే పెడతాము. మా బృందంలో అందరికంటే బాగా జాబితా చదివేది ఒక కిరాణా దుకాణం నడిపే అమ్మగారు. వీధిలో ఎవరు ఏ ఇంట్లోకి మారారో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

అపోహ: అధికారులను ప్రశ్నించడమంటే వారితో వైరం పెట్టుకోవడమే.

వాస్తవం: సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇస్తే ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయవచ్చు. చాలామందికి తెలియనిదేమిటంటే, ఈ చట్టం కింద కాగితాల నకళ్లే కాక, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. సిమెంటు రోడ్డు వేసినప్పుడు మేము అంచనా పత్రం, కొలతల పుస్తకం (జరిగిన పనిని కొలిచి ఇంజినీర్లు నమోదు చేసే పుస్తకం) అడుగుతాము. "అవినీతి జరిగిందా?" అని రాస్తే సమాధానం రాదు, "ఫలానా వీధిలో వేసిన రోడ్డు కొలతల పుస్తకం నకలు ఇవ్వండి" అని రాస్తే వస్తుంది. ప్రశ్న మర్యాదగా, నిర్దిష్టంగా ఉన్నప్పుడు క్షేత్రస్థాయి ఇంజినీర్లలో ఎక్కువమంది సహకరించడమే నా అనుభవం.

అపోహ: అభ్యర్థులపై ఉన్న కేసులను ప్రజలకు చెబితే అది ఎదుటివారికి ప్రచారమే.

వాస్తవం: కొందరివే చెబితే ప్రచారమే అవుతుంది. అందుకే బ్యాలెట్‌లోని వరుసలోనే, పోటీలో ఉన్న ప్రతి ఒక్కరి ప్రమాణపత్రం నుంచి ఒకే రకం వివరాలను ఒక్క విశేషణం కూడా కలపకుండా రాస్తాము. కేసు పెండింగులో ఉంటే పెండింగు అనీ, శిక్ష పడితే శిక్ష అనీ రాస్తాము. ఈ రెంటినీ కలిపేస్తే అది అన్యాయం. ఆ కాగితాన్ని అచ్చుకు పంపే ముందు ఇద్దరు చదవాలి, ఆ ఇద్దరూ ఒకే పార్టీని అభిమానించేవారు కాకూడదు.

కొత్తగా చేరేవారికి మేము మొదట ఇచ్చే పని వారి సొంత పోలింగ్ కేంద్రం జాబితాను సరిచూడడమే. దాన్ని ఎన్నికల సంఘం వెబ్‌సైటు నుంచి దించుకుని, తమ వీధిలోని ఇళ్ల నంబర్లతో పోల్చి, తేడాలను పెన్సిలుతో గుర్తుపెట్టి, బూత్ స్థాయి అధికారికి చూపించి రావాలి. దరఖాస్తు ఇస్తే రసీదు తప్పకుండా తీసుకోవాలి.