గీత దాటిన కాలు

తొక్కుడుబిళ్ళలో తగువంతా గీత దగ్గరే వస్తుంది. కాలు గీతను తాకిందని చూసేవాళ్ళు, తాకలేదని ఆడేవాళ్ళు. మారియో లాంటి, గట్టు నుంచి గట్టుకు గెంతే ప్లాట్‌ఫామ్ వీడియో గేముల్లో ఆ తీర్పు యంత్రానిది. బొమ్మ కాలు గట్టు అంచున ఉందో లేదో పిక్సెల్ (తెర మీది చుక్క) లెక్కన చూసి, ఉంటే ఎగరనిస్తుంది, లేకపోతే గోతిలో పడేస్తుంది. ‘షవల్ నైట్’ (2014), ‘సెలెస్ట్’ (2018) వంటి కొత్త ఆటలు పాత గళ్ళ బొమ్మలతోనే వచ్చి ఇంతమందిని కట్టిపడేశాయి. బొమ్మలు గుమ్మం దాకా పిలుస్తాయి, నిజమే. లోపల కూర్చోబెట్టేది మాత్రం తీర్పు చెప్పే పద్ధతి మారడం.

1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే శుభోదయం ఫొటో చాలావరకు అంతకంటే పెద్దది. చోటు లేక మేఘానికీ పొదకీ ఒకే బొమ్మ వాడి, రంగు మార్చి సరిపెట్టారు. దాన్ని ఆడించిన నింటెండో యంత్రం తెర 256×240 పిక్సెళ్ళు. కదిలే ఒక్కో చిన్న బొమ్మకు మూడు రంగులే. ఒకే అడ్డు వరుసలో ఎనిమిదికి మించి అలాంటి ముక్కలు చేరితే మిగిలినవి కనపడవు, అందుకే శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు మినుకుమినుకుమనేవారు. షవల్ నైట్ చేసినవాళ్ళు ఆ మినుకును వదిలేశారు, తెరను 400×240కి వెడల్పు చేశారు, పాత రంగుల పెట్టెలో లేని రంగులు కొన్ని కలిపారు. అయినా చూడగానే పాత ఆటే అనిపిస్తుంది. మనకు గుర్తున్నది ఆ యంత్రం కాదు, దాని మంచి రోజులు.

హైదరాబాద్ వాళ్ళ జ్ఞాపకంలో ఇంకో మెలిక ఉంది. తొంభైల్లో అబిడ్స్, కోఠీ దుకాణాల్లో దొరికినవి ఎక్కువగా ఆ యంత్రానికి నకలు సెట్లు. క్యాసెట్ మీద 9999 ఆటలని ఉండేది, లోపల అవే కొన్ని తిరిగి తిరిగి వచ్చేవి. అప్పటి మన టీవీలది పాల్ పద్ధతి, అంటే బొమ్మను సెకనుకు 50 సార్లు గీసేవి. జపాన్ ఆటలు 60కి లెక్కగట్టి రాసినవి. 50కి నడిచే సెట్టులో అదే ఆట ఆరింట ఐదు వంతుల వేగంతోనే సాగుతుంది. ఇప్పుడు 60కి నడిచే ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) ఆడితే ‘ఇంత వేగం ఎప్పుడుండేది?’ అనిపించడానికి వయసొక్కటే కారణం కానక్కర్లేదు.

ఇక అసలు విషయం, గెంతు. గెంతు ఎత్తు, శిఖరానికి చేరే సమయం, ఈ రెండూ ముందుగా నిర్ణయించుకుంటే మిగతావి బడి లెక్కలే. ఎత్తును రెట్టించి సమయం వర్గంతో భాగిస్తే గురుత్వం వస్తుంది, సమయంతో భాగిస్తే తొలి వేగం వస్తుంది. ఆట నేలను పేర్చే 16 పిక్సెళ్ళ పలకలు నాలుగు, అంటే 64 పిక్సెళ్ళు ఎగరాలి, 0.4 సెకనులో శిఖరం చేరాలి అనుకుందాం. పిక్సెళ్ళు, సెకన్ల లెక్కన గురుత్వం 800, తొలి వేగం 320. దిగేటప్పుడు గురుత్వాన్ని రెట్టింపు చేస్తే 0.28 సెకనులో నేల తగులుతుంది. ప్రకృతిలో ఇలా జరగదు, కానీ చేతికి ఇదే సహజంగా తోస్తుంది. ఎక్కేటప్పుడు గురి చూసుకునే తీరిక, దిగేటప్పుడు బరువు. బటన్ ముందే వదిలేస్తే పైకి పోయే వేగాన్ని సగానికి కోసేయాలి. అప్పుడు చిన్న నొక్కుకు చిన్న గెంతు, పెద్ద నొక్కుకు పెద్ద గెంతు.

ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్‌తో మొదలుపెట్టే విద్యార్థులు ఇక్కడే చిక్కుకుంటారు. అందులో సిద్ధంగా ఇచ్చే విలువలు గురుత్వం 980, గెంతు వేగం 400. లెక్క వేస్తే దాదాపు 82 పిక్సెళ్ళ ఎత్తు. 180 పిక్సెళ్ళ ఎత్తున్న తెరలో అది సగానికి దగ్గర. పైగా ఎక్కడం, దిగడం ఒకే తీరు. బొమ్మ బెలూన్‌లా తేలుతోందని రంగులూ శబ్దాలూ మార్చి చూస్తారు. మార్చాల్సింది ఆ రెండు అంకెలు.

తీర్పు సడలింపుల్లో పేరున్నది ‘కయోటీ టైమ్’. కొండ అంచు దాటి గాలిలో పరిగెత్తి, కిందికి చూశాకే పడిపోయే కార్టూన్ నక్క పేరు మీద వచ్చింది. గట్టు దాటిన తర్వాత కూడా కాసేపు గెంతు బటన్‌ను ఒప్పుకోవడం. సెలెస్ట్ తయారీదార్లు బయటపెట్టిన కోడ్‌లో ఈ గడువు 0.1 సెకను. సెకనుకు 120 పిక్సెళ్ళు పరిగెత్తే బొమ్మకు ఆ గడువులో సాగేది 12 పిక్సెళ్ళు, పలక కంటే తక్కువ, కంటికి ఆనదు. గడువు 0.25కి పెంచితే 30 పిక్సెళ్ళు. బొమ్మ శూన్యంలో నడవడం స్పష్టంగా కనపడుతుంది, ఆడేవాళ్ళకు తాము ఆటలో అరటిపండని తెలిసిపోతుంది. మన్నింపు కనపడకూడదు. సెలెస్ట్‌లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి: తల పైకప్పు మూలకు కాస్త తగిలితే పక్కకు జరిపి పోనిస్తుంది, గోడకు రెండు పిక్సెళ్ళ దూరంలో ఉన్నా గోడ గెంతు ఇస్తుంది, నేల తగలకముందే నొక్కిన బటన్‌ను గుర్తుపెట్టుకుంటుంది.

కయోటీ గడువు రాసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. గెంతిన వెంటనే గడువును సున్నా చేయరు. అప్పుడు కాలు నేల విడిచిన 0.1 సెకనులోపు మళ్ళీ నొక్కితే గాలిలో రెండో గెంతు పుడుతుంది. రెండో తప్పు, కదలికను తెర వేగానికి ముడిపెట్టడం. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు గీసే) ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడినది 144 హెర్ట్జ్ మానిటర్ మీద పిచ్చిగా పరుగెడుతుంది. లెక్క సెకనుకు 60 సార్లే జరగాలి, గీయడం ఎన్నిసార్లయినా కావచ్చు.

గళ్ళ బొమ్మలు తెర మీద బాగుండాలంటే పూర్ణసంఖ్య రెట్లే పెంచాలి. సెలెస్ట్ 320×180ని ఎంచుకుంది. ఆరు రెట్లు చేస్తే సరిగ్గా 1920×1080. పాత 240 వరుసలను 1080కి సాగదీస్తే నాలుగున్నర రెట్లు. కొన్ని గళ్ళు నాలుగు, కొన్ని ఐదు పిక్సెళ్ళై, కదిలినప్పుడు మొహం అలల్లా వణుకుతుంది. 1366×768 ల్యాప్‌టాప్‌లో 320×180 ఆటను నాలుగు రెట్లకే ఆపి, చుట్టూ నల్ల అంచు వదలడమే మంచిది. అంచు నిండలేదని సాగదీస్తే గీసినవాళ్ళ కష్టమంతా పోతుంది.

ఇంత జాగ్రత్తగా ఇచ్చిన గడువును టీవీ తినేయగలదు. పాత బొద్దు టీవీ వచ్చిన బొమ్మను వచ్చినట్టే గీసేది. ఇప్పటి టీవీలు రంగులు దిద్దడానికి, కదలికను నునుపు చేయడానికి ఆగుతాయి, కొన్నింటిలో ఆ ఆలస్యం 0.1 సెకను దాకా ఉంటుంది. అంటే గట్టు అంచు కంటికి అందేసరికే గడువు అయిపోయి ఉంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెడితే గెంతు చప్పుడూ వెనకబడుతుంది. సెట్టింగుల్లో ఆ దిద్దుబాట్లను తగ్గించే గేమ్ మోడ్ వేసి, వైర్ ఉన్న ఇయర్‌ఫోన్ తగిలించి, కష్టమని వదిలేసిన ఆ గోతినే మళ్ళీ దూకి చూడండి.