బ్రేడీయా, బెలిచిక్కా? పాతికేళ్ల తగాదా వెనుక ఉన్న కథ

అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్లు నలుగురు చేరితే ఈ ప్రశ్న రాకుండా ఉండదు: టామ్ బ్రేడీ గొప్పా, బిల్ బెలిచిక్ గొప్పా? 2001 నుంచి 2018 సీజన్ వరకు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు ఆరు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచింది. ఆరింటికీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) బ్రేడీయే, హెడ్ కోచ్ బెలిచిక్కే. ఇద్దరూ కలిసి ఉన్నంతకాలం ఇది పొద్దుపోక వేసుకునే వాదన. 2020 మార్చిలో బ్రేడీ టాంపా బే జట్టుకి వెళ్లిపోయి, 43 ఏళ్ల వయసులో అక్కడ తొలి సీజన్‌లోనే ఏడో టైటిల్ కొట్టేశాడు. అదే సీజన్‌లో పేట్రియట్స్ ఏడు గెలిచి తొమ్మిది ఓడింది. ఇంకేముంది, కేసు తేలిపోయిందని బ్రేడీ అభిమానులు బల్లగుద్ది చెప్పారు.

వాళ్ల చేతిలో ఉన్న లెక్క కూడా గట్టిదే. లీగ్ దశ మ్యాచ్‌లలో హెడ్ కోచ్‌గా బెలిచిక్ మొత్తం 302 గెలిచి 165 ఓడాడు. అందులో బ్రేడీ మొదటి నుంచి ఆడినవి తీసి లెక్కపెడితే 219 గెలుపులు, 64 ఓటములు. మిగిలినవి చూస్తే 83 గెలుపులు, 101 ఓటములు. ఈ ఒక్క లైన్ చాలదా అంటారు.

చాలదు. ఎందుకంటే బెలిచిక్ చేసింది ఒక ఉద్యోగం కాదు, రెండు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ఈ ఆట ప్రొఫెషనల్ లీగ్‌లో, మామూలుగా జట్టును ఆడించేది హెడ్ కోచ్, ఆటగాళ్లను తెచ్చేది జనరల్ మేనేజర్. పేట్రియట్స్‌లో ఆ రెండు పనుల్లోనూ చివరి మాట బెలిచిక్‌దే. తగాదా పడేవాళ్లు ఈ ఇద్దరు బెలిచిక్‌లను ఒక్కరిగా కట్టేసి బ్రేడీతో తూకం వేస్తుంటారు. తికమకంతా అక్కడే ఉంది.

ఈ రెండు పదవుల గొడవ పేట్రియట్స్‌లో బెలిచిక్ కంటే ముందే మొదలైంది. 1990లలో అక్కడ కోచ్ బిల్ పార్సెల్స్. న్యూయార్క్ జెయింట్స్‌లో ఆయన రెండు సూపర్ బౌల్స్ గెలిచినప్పుడు డిఫెన్స్ చూసుకున్నది బెలిచిక్కే. పేట్రియట్స్‌లో ఎవరిని ఎంచుకోవాలన్న దగ్గర యజమాని రాబర్ట్ క్రాఫ్ట్‌కూ పార్సెల్స్‌కూ చెడింది. 1996 సీజన్‌లో జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లి మరీ ఆయన వెళ్లిపోయాడు. పోతూ పోతూ అన్న మాట ఇప్పటికీ అందరి నోళ్లలో నానుతుంది: వంట మమ్మల్ని చేయమన్నప్పుడు సరుకులు కొనే పనిలో కొంతైనా మాకు వదలాలి కదా అని. క్రాఫ్ట్‌కు ఆ దెబ్బ గుర్తుండిపోయింది. తర్వాత బెలిచిక్ వచ్చినప్పుడు వంటగదితో పాటు సరుకుల సంచీ కూడా ఆయనకే ఇచ్చాడు.

అప్పటికి బెలిచిక్ పేరు చెబితే ఎవరూ ఎగిరి గంతేసే పరిస్థితి లేదు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు 1991 నుంచి 1995 దాకా కోచ్‌గా చేసి 36 గెలిచి 44 ఓడాడు. 1993లో సీజన్ మధ్యలో ఊరి ముద్దుబిడ్డ లాంటి క్వార్టర్‌బ్యాక్ బెర్నీ కోసార్‌ను తీసిపారేస్తే ఊరు ఊరంతా తిట్టిపోసింది. ఆ మరుసటి సీజన్‌లో 11 గెలిచాడు, ప్లేఆఫ్స్‌లో (లీగ్ దశ తర్వాతి నాకౌట్లలో) పార్సెల్స్ పేట్రియట్స్‌నే ఓడించాడు. 1995లో సీజన్ సాగుతుండగానే యజమాని జట్టును బాల్టిమోర్ తరలిస్తున్నానని ప్రకటించాడు. అంతటితో ఆ జట్టు చేతులెత్తేసింది, బెలిచిక్ ఉద్యోగం ఊడింది. క్లీవ్‌లాండ్ ఏళ్లను ఆయన మీద సాక్ష్యంగా పెట్టేవాళ్లు ఈ తరలింపు సంగతి ఎత్తరు.

2000 జనవరి 4న న్యూయార్క్ జెట్స్ కొత్త హెడ్ కోచ్‌గా బెలిచిక్‌ను పరిచయం చేయడానికి విలేకరుల సమావేశం పెట్టారు. ఆయన వచ్చి, రాజీనామా చేస్తున్నానని ఒక కాగితం ముక్క మీద గిలికి ఇచ్చేశాడు. ఆయన్ను తెచ్చుకోవడానికి పేట్రియట్స్ తన మొదటి రౌండ్ డ్రాఫ్ట్ వంతును జెట్స్‌కు ధారపోయాల్సి వచ్చింది. డ్రాఫ్ట్ అంటే కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం. కోచ్ కోసం అంత ధరా అని అప్పట్లో ముక్కున వేలేసుకున్నారు. తొలి సీజన్ చూశాక వేలు ఇంకా గట్టిగా వేసుకున్నారు: 5 గెలుపులు, 11 ఓటములు.

ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్‌లో, 199వ వాడిగా మిషిగన్ యూనివర్సిటీ కుర్రాడు టామ్ బ్రేడీని తీసుకున్నారు. అతని కంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికైపోయారు. అందరూ వదిలేసిన వజ్రాన్ని బెలిచిక్ పట్టుకున్నాడని ఒక వర్గం అంటుంది. అంత నమ్మకమే ఉంటే 198 మంది పోయేదాకా ఎందుకు ఆగాడని ఇంకో వర్గం అంటుంది. ఈ గోలలో ఎవరూ తలవని మనిషి ఒకడున్నాడు. క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్ డిక్ రేబీన్. కాలేజీ ఆటగాళ్లను చూసి వచ్చి, బ్రేడీని తీసుకోవాలని పట్టుబట్టింది ఆయనే. 2001 ఆగస్టులో గుండె సమస్యతో చనిపోయాడు. బ్రేడీ మొదటి నుంచి ఆడిన ఒక్క లీగ్ మ్యాచ్ కూడా చూడలేదు. బెలిచిక్‌కు మాత్రం ఒక విషయంలో మార్కులు వేయాల్సిందే. ఇద్దరో ముగ్గురో క్వార్టర్‌బ్యాక్‌లు సరిపోయే చోట, ఈ కుర్రాడు చేజారకూడదని 2000లో నలుగురిని జట్టులో ఉంచుకున్నాడు.

2001 సెప్టెంబర్ 23న ఫాక్స్‌బరో స్టేడియంలో జెట్స్‌తో మ్యాచ్. నాలుగో క్వార్టర్, స్కోరు 10-3, జెట్స్‌ది పైచేయి. పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సో. ఆ మార్చిలోనే పదేళ్లకు 10.3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాయించుకున్న వాడు. మూడో డౌన్, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, పది గజాలు కావాలి. బంతి విసరడానికి దారి దొరక్క కుడివైపు గీత మీదికి పరుగెత్తాడు. బయటికి వెళ్లిపోయి ఉంటే సరిపోయేది. ఇంకో గజం కోసం చూసేలోపు జెట్స్ డిఫెన్స్ ఆటగాడు మో లూయిస్ ఛాతీ మీదికి దూసుకొచ్చి గుద్దాడు. బ్లెడ్సో లేచాడు, మళ్లీ వెళ్లి ఆడాడు కూడా. లోపల రక్తనాళం తెగిందని తెలిసింది ఆ తర్వాత ఆసుపత్రిలో. చివర్లో బ్రేడీ దిగాడు, మ్యాచ్ మాత్రం ఓడిపోయారు.

నా దృష్టిలో అసలు నిర్ణయం ఆ రోజుది కాదు, నవంబర్‌ది. బ్లెడ్సో కోలుకుని సిద్ధంగా ఉన్నాడు. యజమానికి అతనంటే ప్రాణం. జట్టు డబ్బంతా అతని మీదే ఉంది. అయినా బెలిచిక్ 199వ వాడితోనే ఆడిస్తానన్నాడు. కోసార్ విషయంలో ఒకసారి ఊరితో తిట్లు తిన్నవాడు మళ్లీ అంత సాహసం చేయడం చిన్న సంగతి కాదు. బ్రేడీ మొదటి నుంచి ఆడిన 14 లీగ్ మ్యాచ్‌లలో 11 గెలిచారు. ప్లేఆఫ్స్‌లో మంచు కురుస్తుండగా ఓక్లాండ్ రైడర్స్‌పై గట్టెక్కారు. బ్రేడీ చేతి నుంచి జారిన బంతిని పాస్ కిందే లెక్కగట్టిన తీర్పు మీద రైడర్స్ అభిమానుల కోపం ఇంకా చల్లారలేదు.

ఆ సీజన్ సూపర్ బౌల్‌లో సెయింట్ లూయిస్ రామ్స్ ఎదురు. స్కోరు 17-17. మిగిలింది నిమిషంన్నర లోపే, గడియారం ఆపడానికి చేతిలో టైమవుట్లు లేవు, బంతి తమ 17 గజాల గీత దగ్గర. ఈ స్థితిలో టైమ్ కరిగించేసి ఓవర్‌టైమ్‌కు వెళ్లడమే మంచిదని వ్యాఖ్యాత జాన్ మాడెన్ టీవీలో చెబుతూనే ఉన్నాడు. కోచ్‌లు ఆడమన్నారు. బ్రేడీ చిన్న చిన్న పాస్‌లతో జట్టును రామ్స్ సగంలోకి తీసుకెళ్లాడు. ఆఖరి సెకన్లలో కిక్కర్ వినాటెరీ 48 గజాల కిక్ కొట్టాడు. 20-17. ఆడమన్నది ఒకరు, ఆడి చూపించింది ఇంకొకరు. రెండు వర్గాలూ చూపించేది ఇదే వీడియో కావడం తమాషా. ఆ రోజు బ్రేడీ విసిరింది మొత్తం 145 గజాలు. లీగ్‌లోనే భీకరమైన రామ్స్ దాడిని ఆపింది డిఫెన్స్. మొదటి మూడు టైటిల్స్‌లో పెద్ద వాటా కోచ్‌దే అని నేననేది అందుకే.

సరుకుల సంగతికి వద్దాం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994 నుంచి సాలరీ క్యాప్ ఉంది. ఐపీఎల్ వేలంలో పర్సు లాగా, ప్రతి జట్టుకూ జీతాల మీద గట్టి పరిమితి. ఒకడికి ఎక్కువిస్తే ఇంకొకడికి కోత పడాల్సిందే. బెలిచిక్ ఈ బేరాల్లో ఏ మొహమాటమూ పెట్టుకోలేదు. 2003లో సీజన్ మొదలయ్యే వారంలో, జీతం తగ్గించుకోనన్నాడని డిఫెన్స్ నాయకుడు లాయర్ మిలాయ్‌ను (లాయర్ అన్నది అతని పేరే) వదిలేశాడు. మిలాయ్ వెళ్లి బఫెలోలో చేరాడు. మొదటి మ్యాచ్ వాళ్లతోనే, 31-0తో చిత్తుగా ఓడారు. చివరి లీగ్ మ్యాచ్ కూడా వాళ్లతోనే, ఈసారి 31-0తో గెలిచారు, టైటిల్ కూడా కొట్టారు.

ఈ పిసినారితనం సాగడానికి వెనక ఉన్నది బ్రేడీ జీతం. తన స్థాయికి మార్కెట్ ఇచ్చే దానికంటే తక్కువకే చాలా ఏళ్లు సంతకాలు చేశాడు. 2013లో బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకోకు ఆరేళ్లకు 12 కోట్ల డాలర్లు పలికిన సమయంలో, బ్రేడీ అదనపు మూడేళ్లకు 2.7 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాడు. మిగిలిన డబ్బుతోనే బెలిచిక్ బజారుకెళ్లాడు. గెలుపులను చెరి సగం పంచలేకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనిపించలేదు.

మధ్యలో రెండు వర్గాలకూ చెరో ఏడాది దొరికింది. 2007లో రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) ర్యాండీ మాస్ వచ్చాడు, బ్రేడీ 50 టచ్‌డౌన్ పాస్‌లు (ప్రత్యర్థి చివరి గీత దాటి ఆరు పాయింట్లు తెచ్చేవి) విసిరాడు, 16కు 16 గెలిచి చివరికి సూపర్ బౌల్‌లో జెయింట్స్ చేతిలో ఓడారు. 2008 మొదటి మ్యాచ్‌లోనే బ్రేడీ మోకాలు పోయింది. మ్యాట్ క్యాసెల్‌తో బెలిచిక్ 11 గెలిచాడు. చూశారా, కోచ్ ఉంటే చాలు అన్నారు వీళ్లు. చూశారా, అదే జట్టు ప్లేఆఫ్స్‌కు కూడా పోలేదు అన్నారు వాళ్లు.

ఆటగాళ్ల ఎంపికలో బెలిచిక్ కుడిభుజం స్కాట్ పియోలీ 2009లో కాన్సస్ సిటీకి వెళ్లాడు. అంతకు ముందే, అదే ఎంపిక బృందంలోని థామస్ డిమిట్రాఫ్ అట్లాంటాకు వెళ్లాడు. 2014లో బ్రేడీకి వారసుడిగా జిమ్మీ గారొపోలోను డ్రాఫ్ట్ చేశారు. బ్రేడీకి అప్పటికి 36 దాటాయి, బెలిచిక్ లెక్క తప్పేమీ కాదు. కానీ అదే సీజన్‌లో బ్రేడీ సియాటిల్‌పై నాలుగు టచ్‌డౌన్లు విసిరి టైటిల్ తెచ్చాడు. 2016 సీజన్ ఫైనల్‌లో డిమిట్రాఫ్ కట్టిన అట్లాంటా మీద 28-3తో వెనకబడి, 466 గజాలు విసిరి గెలిపించాడు. ఈ రెండూ బ్రేడీవే. 2017 అక్టోబర్‌లో గారొపోలోను శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చేశారు. ఆ సీజన్ ఫైనల్‌లో బ్రేడీ 505 గజాలు విసిరినా ఫిలడెల్ఫియా చేతిలో ఓడారు. డిఫెన్స్‌లో రెగ్యులర్‌గా ఆడే మాల్కమ్ బట్లర్‌ను ఆ రోజు బెలిచిక్ డిఫెన్స్‌కు దించనే లేదు. ఆ మరుసటి ఏడాది కథ తిరగబడింది: రామ్స్‌ను మూడే పాయింట్లకు కట్టేసి 13-3తో ఆరో టైటిల్, బ్రేడీ నుంచి ఒక్క టచ్‌డౌన్ పాస్ లేదు.

2019 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో రిసీవర్ ఎన్‌కీల్ హ్యారీని తీసుకున్నారు. అతను నిలదొక్కుకోలేదు. డీబో శామ్యూల్, ఏ.జె. బ్రౌన్, డీకే మెట్‌కాఫ్ ముగ్గురూ అతని తర్వాత పోయినవాళ్లే. ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లో పేట్రియట్స్‌ను సొంతగడ్డ మీద ఓడించిన టెనెసీలోనే బ్రౌన్ ఉన్నాడు. రెండు నెలల తర్వాత బ్రేడీ వెళ్లిపోయాడు. 2021లో కుర్రాడు మ్యాక్ జోన్స్‌తో 10 గెలిచినప్పుడు కోచ్ బెలిచిక్ ఇంకా ఉన్నాడనిపించింది. మరుసటి ఏడాది ఆ కుర్రాడి దాడి వ్యూహాలను, డిఫెన్స్‌లో పేరు తెచ్చుకున్న మ్యాట్ పాట్రీషియా చేతిలో పెట్టాడు. 2023లో 4 గెలుపులు, 13 ఓటములు.

2024 జనవరి 11న క్రాఫ్ట్, బెలిచిక్ పక్కపక్కన నిలబడి విడిపోతున్నామని చెప్పారు. ప్లేఆఫ్స్‌తో కలిపి అప్పటికి ఆయన ఖాతాలో 333 విజయాలు. డాన్ షూలా రికార్డు 347. అట్లాంటా మాట్లాడింది కానీ తీసుకోలేదు. ఆ ఏడాది కోచ్ కోసం వెతికిన ఏ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టూ ఆయనను తీసుకోలేదు. డిసెంబర్‌లో ఆయన నార్త్ కరోలైనా యూనివర్సిటీ జట్టుకు వెళ్లాడు. వంట మర్చిపోయాడని ఆ యజమానులు అనుకున్నారని నేను నమ్మను. సరుకుల సంచీ కూడా అడుగుతాడేమోనన్నదే వాళ్ల భయమై ఉంటుంది.