కల్ట్ సినిమాల పండుగ: హాలు బయట అపోహలు, హాల్లో వాస్తవాలు

హారర్, సైన్స్ ఫిక్షన్, వెస్టర్న్, కత్తియుద్ధాలు, రాక్షసులు. విడుదలైనప్పుడు పెద్దలు చిన్నచూపు చూసినా, కొద్దిమంది అభిమానులు పట్టు వదలకుండా బతికించుకున్న సినిమాలివి. వీటి కోసం జరిగే చిన్న పండుగలకు సినిమాలు ఎంపిక చేయడం, వచ్చిన ప్రింట్లు (హాల్లో నడిపే ఫిలిం కాపీలు) తనిఖీ చేయడం, బొమ్మ వేయడం నా పని. రావాలని మనసులో ఉండి కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళు చెప్పే కారణాలు దాదాపుగా ఇవే.

అపోహ: ఇవన్నీ నాసిరకం సినిమాలు, నవ్వుకోడానికే వెళ్ళాలి

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా నొప్పించే మాట ఇది. 1960లో ‘పీపింగ్ టామ్’ వచ్చినప్పుడు బ్రిటిష్ విమర్శకులు ఎంతగా దుమ్మెత్తిపోశారంటే, మైకేల్ పావెల్ అంతటి దర్శకుడికి సొంత దేశంలో అవకాశాలు అడుగంటిపోయాయి. ఇప్పుడు అదే సినిమాను గొప్ప చిత్రాల సరసన నిలబెడుతున్నారు. 1982 జూన్ 25న అమెరికాలో ‘బ్లేడ్ రన్నర్’, ‘ద థింగ్’ ఒకే రోజు విడుదలయ్యాయి. రెండూ అనుకున్నంత ఆడలేదు. ‘ద థింగ్’నైతే చాలామంది విమర్శకులు అసహ్యించుకున్నారు. ఇవాళ ఈ రెండిటినీ పక్కనపెట్టి ఆ జానర్ల చరిత్ర ఎవరూ రాయలేరు.

‘రబ్బరు సూటు సినిమా’ అని తేలిగ్గా తీసేసే ‘గాడ్జిల్లా’ సంగతి చూడండి. 1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ‘లక్కీ డ్రాగన్’ అనే జపాన్ చేపల పడవ మీద పడింది. అందులోని వాళ్ళంతా రేడియేషన్ బారిన పడ్డారు, వాళ్ళలో ఒకాయన ఆ సెప్టెంబర్‌లో చనిపోయాడు. నవంబర్‌లో ఇషిరో హోండా దర్శకత్వంలో ‘గాడ్జిల్లా’ విడుదలైంది. మొదలవుతూనే నడిసముద్రంలో కళ్ళు జిగేలుమనే వెలుగు, మంటల్లో మునిగిపోయే ఓడ. ఆనాటి జపాన్ ప్రేక్షకులకు అది ఏం గుర్తుచేసి ఉంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇక సూటు విషయానికొస్తే, ట్రిక్కు దృశ్యాలు తీసిన ఎయిజి త్సుబురాయా బృందం ఆ నడకను సెకనుకు మామూలు కన్నా ఎక్కువ ఫ్రేములతో (బొమ్మలతో) తీసి మామూలు వేగంతో చూపించింది. సూటు లోపలి మనిషి అడుగు అంత బరువుగా పడటానికి కారణం అదే. పెద్ద తెర మీద ఆ బరువు తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

విఠలాచార్య సినిమాల్లో దెయ్యాలనూ అస్థిపంజరాలనూ కళ్ళప్పగించి చూసినవాళ్ళకు నేను కొత్తగా చెప్పాల్సిందేం లేదు. తక్కువ డబ్బుతో, కెమెరా ట్రిక్కులతో చేసిన మాయ అది. ఆ తెలివిని మెచ్చుకునే చూపు మనకు ఎప్పుడో అబ్బింది, దాన్ని మిగతా దేశాల సినిమాలకూ పెట్టి చూడమనే నా కోరిక.

నిజంగా పేలవమైన సినిమాలు కూడా మేం వేస్తాం. నవ్వొస్తే నవ్వండి, హాలంతా ఒక్కసారిగా నవ్వితే నాకూ సంతోషమే. కానీ మొదటి షాటు పడగానే పక్క వరసకు వినబడేలా వ్యాఖ్యానం అందుకోవద్దు. ఆ కథను మనసు పెట్టి చూద్దామని, కాసేపు భయపడదామని వచ్చిన మనిషి పక్క సీట్లోనే ఉంటారు. ఒకసారి చెదిరిన భయం ఆ సినిమా అయ్యేలోగా మళ్ళీ కుదురుకోదు.

అపోహ: అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా, ఇంట్లో చూస్తే పోలా

పేరు ఒకటే అయినంత మాత్రాన సినిమా అదే కాదు. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి.

1968లో వచ్చిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’కు విడుదల ముందు పంపిణీదారులు పేరు మార్చారు. పాత పేరున్న టైటిల్ కార్డుతో పాటే దాని మీదున్న కాపీరైట్ ప్రకటన కూడా పోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లోపంతో సినిమా ఎవరి సొత్తూ కాకుండా పోయింది. ఎవరి చేతికి ఏ ప్రింటు దొరికితే వాళ్ళు దాన్ని కాపీ కొట్టి అమ్ముకున్నారు. కాపీకి కాపీ తీసిన మసక బొమ్మను చూసి ‘ఇది ఇలాగే తీశారు కాబోలు’ అని కొన్ని తరాలు అనుకున్నాయి. తర్వాత న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ అసలు నెగెటివ్ నుంచి 4కే (చాలా సూక్ష్మ వివరాలు కనిపించే డిజిటల్) పునరుద్ధరణ చేయించాయి. దాంట్లో నీడలు ఎంత పదునుగా ఉంటాయో చూస్తే దర్శకుడు జార్జ్ రొమేరో పనితనం మీద అభిప్రాయమే మారిపోతుంది.

మూకీ ‘నోస్ఫెరాటు’ (1922)ది ఇంకో కథ. డ్రాక్యులా నవల హక్కులు తీసుకోకుండా తీశారని రచయిత భార్య కేసు వేసింది, కాపీలన్నీ ధ్వంసం చేయమని కోర్టు తీర్పిచ్చింది. అయినా కొన్ని ప్రింట్లు తప్పించుకుని మనదాకా వచ్చాయి. అందులో రాత్రి దృశ్యాలను పగలే చిత్రీకరించి, ప్రింటుకు నీలిరంగు అద్దారు. ఆ రంగు లేని నలుపు తెలుపు కాపీలో ఎండకు చచ్చిపోవాల్సిన రక్తపిశాచి పట్టపగలు శవపేటిక మోసుకుంటూ వీధుల్లో తిరుగుతుంటాడు. ‘ఇదేం తర్కం’ అని నవ్వినవాళ్ళు చాలామంది చూసింది అలాంటి కాపీనే.

‘గాడ్జిల్లా’ కూడా అంతే. 1956లో అమెరికాలో ఆడినది ఒక అమెరికన్ నటుణ్ణి కొత్తగా జొప్పించి, అణుబాంబు ప్రస్తావనలు చాలావరకు తగ్గించిన వేరే కూర్పు. ‘మెట్రోపొలిస్’ (1927) నుంచి కత్తిరించిన దాదాపు 25 నిమిషాలు 2008లో బ్యూనస్ ఐరిస్‌లోని ఒక మ్యూజియంలో 16 ఎం.ఎం. (సన్న ఫిలిం) కాపీగా బయటపడ్డాయి. పండుగకు సినిమా ఎంచుకునేటప్పుడు మా సమయంలో ఎక్కువ భాగం ‘ఏ సినిమా’ అన్న చర్చకు పోదు. ఏ కూర్పు, ఏ ప్రింటు, హక్కులు ఎవరివి అని వెతకడంలోనే పోతుంది.

అపోహ: ఫిలిం ప్రింటు అంటే కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చు, డిజిటల్ అయితే దండగ

ఇది అభిమానుల అపోహ. 35 ఎం.ఎం. (హాళ్ళలో వాడే ఫిలిం) అంటే నాకు ప్రాణం. అయినా ఈ మాట ఒప్పుకోను. 1950లలో మొదలైన ఈస్ట్‌మన్‌కలర్ ప్రింట్లలో నీలి, పసుపు రంగులు త్వరగా వెలిసిపోయి గులాబీ ఎరుపు మాత్రమే మిగులుతుంది. ఆకాశం, అడవి, మొహాలు అన్నీ ఒకే రంగులో తేలతాయి. టెక్నికలర్ సంస్థ రంగులను అచ్చువేసి తీసిన ప్రింట్లు అదే వయసులోనూ నిన్న తీసినట్టుంటాయి. ఎసిటేట్ ఫిలిం పాడవడం మొదలైతే డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఫిలిం కుంచించుకుపోయి పళ్ళచక్రాల మీద సరిగా కూర్చోదు. అలాంటి ప్రింటును నడిపితే మిగిలిన నాలుగు రోజుల ఆయుష్షు కూడా మనమే తీసేసినవాళ్ళమవుతాం. అప్పుడు మంచి డిజిటల్ కాపీ వేయడమే ఆ సినిమాకు మర్యాద.

బాగున్న ప్రింటు దొరికినప్పుడు మాత్రం వదులుకోవద్దు. తెర కుడివైపు పై మూలన అప్పుడప్పుడు ఒక గుండ్రటి మచ్చ మెరుస్తుంది, గమనించండి. సుమారు 2000 అడుగుల రీలు 22 నిమిషాలు నడుస్తుంది, రీళ్ళను రెండు ప్రొజెక్టర్ల మీద ఒకదాని తర్వాత ఒకటి వేస్తాం. అది అయిపోవడానికి దాదాపు 8 సెకన్ల ముందు మొదటి మచ్చ పడగానే రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి, చివరి సెకనులో వచ్చే రెండో మచ్చకు బొమ్మ అటు మార్చాలి. గీతలు ఎక్కువగా రీలు మొదట్లోనూ చివర్లోనూ కనిపించడం కూడా మామూలే, చేతులు పడేది అక్కడే.

ఇంకో రెండు మాటలు కూడా తరచూ వింటాను. మూకీల్లో మనుషులు పరుగులు పెట్టినట్టు కనిపిస్తే అది తీసినవాళ్ళ తప్పు కాదు. సెకనుకు 24 కన్నా తక్కువ ఫ్రేములతో తీసినదాన్ని 24 మీద నడిపితే అలా అవుతుంది, వేగం సరిచూసి వేస్తే నడక మామూలుగానే ఉంటుంది. తెరకు రెండువైపులా నలుపు మిగిలితే సినిమాను కుదించారని అనుకోకండి. 1950ల ముందటి సినిమాల ఫ్రేము దాదాపు 1.37:1 నిష్పత్తిలోనే ఉండేది. వెడల్పు తెర నిండేలా బొమ్మను పెద్దది చేస్తే తలలో కాళ్ళో తెగిపోతాయి.

అపోహ: తెల్లవార్లూ అన్నీ చూసినవాడే అసలైన అభిమాని

అర్ధరాత్రి ఆటల సంప్రదాయానికి పేరు తెచ్చింది న్యూయార్క్‌లోని ఎల్గిన్ థియేటర్. 1970 డిసెంబర్ నుంచి అక్కడ ‘ఎల్ టోపో’ను అర్ధరాత్రి ఆటగా నెలల తరబడి వేశారు. రాత్రికి ఆ ఒక్క సినిమానే! చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చారు. వరసగా అయిదు సినిమాలు చూస్తే నాలుగోదాని కథ మూడోదాంట్లో కలిసిపోతుంది. మీకు తెలిసిన సినిమా ఒకటి, పేరు కూడా వినని సినిమా ఒకటి ఎంచుకోండి. రెండిటి మధ్య ఒక ఆట వదిలేసి కాళ్ళు సాగదీయండి. ఏ దర్శకుడి పేరూ తెలియకపోయినా ఫరవాలేదు. ఈ సినిమాలు తీసిందే ఏమీ తెలియకుండా హాల్లోకి వచ్చి కూర్చునే మామూలు జనం కోసం.

అపోహ: పాతవి కాబట్టి పిల్లలతో నిశ్చింతగా వెళ్ళొచ్చు

దీన్ని మాత్రం నమ్మి రావద్దు. హాలీవుడ్‌లో నిర్మాణ నియమావళి (తెర మీద ఏం చూపకూడదో చెప్పే నియమాలు) గట్టిగా అమలైంది 1934 మధ్య నుంచి. అంతకు ముందరి సినిమాల్లో నేరం, శృంగారం మనం ఊహించనంత బాహాటంగా ఉంటాయి. 1970ల హారర్ సినిమాల్లోని హింస ఇప్పటివాళ్ళను కూడా కుదిపేస్తుంది. కొన్ని సినిమాల్లో జంతువులను నిజంగానే హింసించారు. కొన్నిటిలో జాతులను, ఆడవాళ్ళను చూపిన తీరు పెద్దవాళ్ళకే మింగుడుపడదు. గబగబా మెరిసే వెలుగులు మూర్ఛ ఉన్నవాళ్ళకు ప్రమాదం. కార్యక్రమ పత్రంలో వయసు సూచన లేకపోతే నిర్వాహకులను మొహమాటం లేకుండా అడగండి. ప్రింటును రీలు రీలుగా చేత్తో తనిఖీ చేసిన మనిషి అక్కడే ఉంటే, ఏ దృశ్యం ఎన్నో రీలులో వస్తుందో కూడా చెప్పగలరు.