ఒక ఖాళీ ఖోఖా కోసం

కావలి,
ఆదివారం ఉదయం

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోనులో అంతా చెప్పింది. రొట్టెల పండుగకు నెల్లూరు వెళ్ళి, స్వర్ణాల చెరువు దగ్గర అంగట్లో బుడగలు కొట్టారట. బుజ్జి పది బుడగల్లో ఏడు పేల్చాడట, చిన్ని రెండే పేల్చిందట. అప్పటినుంచి వాడు తుపాకి క్లాసులో చేర్పించమని ఒకటే గోల, ఆ పిల్లేమో మూతి ముడుచుకుని కూర్చుందట. ముందుగా చిన్నికి ఒక మాట. ఆ అంగడి తుపాకుల సైట్లు, అంటే గొట్టం మీద గురి చూసుకునే గుర్తులు, చాలావరకు వంకరగానే ఉంటాయి తల్లీ. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో ఉండి వచ్చిన నేనే ఒకసారి అక్కడ మూడు కొట్టాను. అంగడివాడు నన్ను చూసి నవ్వాడు కూడా.

ఇక బుజ్జీ, తుపాకి క్లాసు అంటే ఒకటి కాదు. ఎవరికి, ఎందుకు అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది.

నీ వయసుకు అందేది ఎన్.సి.సి. 1948 నుంచి ఉంది. అక్కడ క్యాడెట్లకు పాయింట్ టూటూ అనే సన్నగొట్టపు రైఫిల్ ఇచ్చి, ఇరవై అయిదు మీటర్ల దూరంలోని గురిబోర్డు మీద కాల్పిస్తారు. కాల్చే భాగ్యం మొదటి రోజే దక్కుతుందని ఆశపడకు. రైఫిల్ భాగాల పేర్లు, విప్పడం, తుడవడం, బోర్లా పడుకుని మోచేతులు ఎక్కడ ఆనించాలో, ఊపిరి ఎప్పుడు ఆపాలో, ఇవన్నీ అయ్యాకే తూటా చేతికిస్తారు. ఊపిరి సగం వదిలి, కొద్ది సెకన్లు ఆపి, ఆ లోపు కాల్చాలి. ఆలస్యమైతే కన్ను మసకబారుతుంది. అప్పుడు వేలు తీసేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆ వేలు తీయడమే చాలామందికి చేతకాదు.

సైటు లెక్క నీకు ఇష్టమని చెప్తున్నాను. వెనక సైటుకు, ముందు సైటుకు మధ్య అర మీటరు ఉందనుకో. ముందుది ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, ఇరవై అయిదు మీటర్ల దగ్గర గుండు అయిదు సెంటీమీటర్లు తప్పుతుంది. నూరు మీటర్ల దగ్గర ఇరవై! అందుకే చూపు ముందు సైటు కొన మీద నిలవాలి, గురి మసగ్గా కనబడినా పరవాలేదు. సైన్యంలో మాకు కాల్చడం నేర్పిన ఉస్తాద్ ఖాళీ రైఫిల్ గొట్టం మీద రూపాయి బిళ్ళ పెట్టి ట్రిగ్గర్ నొక్కమనేవాడు. బిళ్ళ పడితే మళ్ళీ. నాకు పదకొండో రోజుకు నిలిచింది.

అయిదు గుండ్లూ ఒకేచోట గుంపుగా పడితే, అవి గురికి జానెడు పక్కన ఉన్నా ఉస్తాద్ మెచ్చుకునేవాడు. దాన్నే గ్రూపింగ్ అంటారు. సైటు దిద్దితే ఆ గుంపు మొత్తం నడిమికి వస్తుంది. ఒకటి సరిగ్గా నడిమిలో, నాలుగు నాలుగు మూలల్లో కొట్టినవాడికి మాత్రం తిట్లే.

రేంజ్ మీద, అంటే కాల్చే మైదానంలో, ఎర్రజెండా ఎగురుతుంటే కాల్పులు జరుగుతున్నాయని అర్థం. అయిపోయాక ప్రతివాడూ రైఫిల్ తెరిచి చూపించి, ‘నా దగ్గర తూటా గానీ, ఖాళీ ఖోఖా గానీ లేదు’ అని గట్టిగా చెప్పాలి. ఖోఖా అంటే గుండు పోయాక మిగిలే ఇత్తడి గొట్టం. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖోఖాలు లెక్కకు రావాలి. నేను రంగరూటుగా, అంటే సైన్యంలో కొత్తగా చేరి శిక్షణలో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం ఒకటి తగ్గింది. నలభై మందిమి మోకాళ్ళ మీద వంగి గడ్డి దువ్వాం. చీకటి పడింది, లాంతర్లు తెచ్చారు, లంగరులో, అంటే మా వంటశాలలో, అన్నం చల్లారిపోయింది. చివరికి అది దొరికింది నా చొక్కా చేతి మడతలో! నా ఎడమ పక్కన పడుకున్నవాడి ఎస్.ఎల్.ఆర్. రైఫిల్ నుంచి ఎగిరి వచ్చి పడింది. చేతికి చురుక్కుమంటే చీమ కుట్టిందనుకున్నాను. అందరి ముందు ‘లేదు’ అని గొంతెత్తి చెప్పినవాణ్ణి. ఉస్తాద్ ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి ఆ మాట చెప్పే ముందు నా బట్టలు నేనే దులుపుకునేవాణ్ణి.

చిన్నీ, నీకు నచ్చేది ఆటల తుపాకి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో గురిబోర్డు నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, నువ్వు పెన్సిలుతో పెట్టే చుక్కంత. నిలబడి అరవై సార్లు కొట్టాలి, గంటంపావు సమయం. ఒక్కో దెబ్బకు ఎక్కువలో ఎక్కువ 10.9. ఈ పోటీలోనే 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా మనకు మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది. మను భాకర్ మాత్రం పిస్టల్ మనిషి, 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు. రైఫిల్ క్లాసులో ఒళ్ళు రాయిలా నిలపడం నేర్పితే, పిస్టల్ క్లాసులో చాచిన ఒంటిచెయ్యి వణుకును ఓర్చుకోవడం నేర్పుతారు. అందులోనే ర్యాపిడ్ ఫైర్ అని ఇంకొకటి, అయిదు గురులను నాలుగు సెకన్లలో కొట్టాల్సిన వరస కూడా ఉంటుంది. షాట్‌గన్ క్లాసు వీటన్నిటికీ తలకిందులు. గాలిలో ఎగిరే మట్టిబిళ్ళ వెంట తుపాకి తిరుగుతూనే ఉండాలి, ఆపితే దెబ్బ వెనక పడుతుంది.

లైసెన్సు కోసం పెద్దవాళ్ళు తీసుకునే శిక్షణ వేరు. ఉదయగిరి వైపు మెట్ట పొలాల్లో అడవి పందుల బాధ పడలేక తుపాకి లైసెన్సు అడిగే రైతులు నాకు తెలుసు. 2016 ఆయుధ నియమాల ప్రకారం ముందు భద్రతా శిక్షణ పొందినట్టు పత్రం ఉండాలి. ఎలా పట్టుకోవాలి, ఎలా మోయాలి, ఇంట్లో ఎక్కడ దాచాలి, చట్టం ఏమంటుంది, ఇవీ అందులోని పాఠాలు. లైసెన్సుకు ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి. పెళ్ళిళ్ళలో సంబరానికి కాల్చి జనాన్ని ప్రమాదంలో పడేస్తే రెండేళ్ళ దాకా జైలు అని 2019లో చట్టంలో చేర్చారు. మంచి పని చేశారు. పెళ్ళికి మేళం చాలదా?

పోలీసు శిక్షణ గురించి కొంచెమే చెప్తాను. తెర మీద మనిషి బొమ్మ కదులుతూ జేబులో చెయ్యి పెడుతుంది. తీసేది ఫోనా, తుపాకా? కాల్చకుండా ఆగినందుకు మార్కులు వచ్చే పరీక్ష అదే. బుజ్జీ, నీ ఫోను ఆటలో ఇలాంటి మార్కులు ఉన్నాయా?

ఇప్పుడు మీ ఇద్దరికీ ఒక పని. మేడ ఎక్కి దూరంగా ఉన్న తాటిచెట్టు చూడండి. రెండు కళ్ళూ తెరిచి, చెయ్యి చాచి, బొటనవేలు చెట్టుకు అడ్డం పెట్టండి. ఎడమ కన్ను మూయండి. వేలు చెట్టు మీదే ఉంటే మీ గురి కన్ను కుడిది. పక్కకు దూకితే ఎడమది. ఎవరిది ఏ కన్నో రాసి పంపండి. సంక్రాంతికి వచ్చినప్పుడు నా చేతికర్ర మీద రూపాయి బిళ్ళ నిలబెట్టే పందెం పెట్టుకుందాం. ఎయిర్ గన్ కొనే మాట మాత్రం నా దగ్గర ఎత్తవద్దు.

చిన్నీ, నువ్వు బుడగలు కొట్టేటప్పుడు ఎడమ కన్ను మూశావని మీ అమ్మ చెప్పింది. నీ గురి కన్ను ఎడమదే అని తేలితే, ఆ రెండు బుడగల లెక్క మనం మళ్ళీ చూడాలి.

మీ
తాతయ్య