రాత నేర్పేది తెలుగు టీచర్ ఒక్కరేనా? అపోహలు - వాస్తవాలు

నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. పిల్లల రాత గురించి స్టాఫ్ రూమ్‌లో, తల్లిదండ్రుల సమావేశాల్లో పదేపదే వినబడే మాటలివి.

అపోహ: రాయించడం తెలుగు, ఇంగ్లిష్ టీచర్ల పని.

వాస్తవం: పద్యానికి భావం చక్కగా రాసే అమ్మాయికి ప్రయోగం రాయడం దానంతటదే రాదు. సైన్స్‌లో ఏం చేశాం, ఏం చూశాం, ఎందుకలా జరిగింది అనే వరుస కావాలి. సాంఘికంలో పేరా చదివి వ్యాఖ్యానించమంటే అభిప్రాయంతో పాటు కారణమూ రాయాలి. లెక్కల విద్యాప్రమాణాల్లో, అంటే పిల్లలకు రావాల్సిన సామర్థ్యాల్లో కూడా 'వ్యక్తపరచడం' ఉంది. ఏ సబ్జెక్టు రాత ఎలా ఉంటుందో ఆ సబ్జెక్టు టీచరే చూపించాలి.

అపోహ: నోట్సు నిండితే రాత వచ్చినట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే ఏడాది మధ్యలో బడిలోనే మార్కులు వేసే ఎఫ్ఏల్లో, 'రాత అంశాలు' పెట్టింది పిల్లలు సొంత మాటల్లో రాయాలని. గైడు చూసి రాస్తే నలభై నోట్సుల్లోనూ అవే వాక్యాలు ఉంటాయి. ఎవరికి ఏం అర్థమైందో నాకెలా తెలుస్తుంది?

పదో తరగతిలో, ఆకులో పిండిపదార్థం తయారవ్వాలంటే ఎండ కావాలని చూపడానికి ఆకులో కొంత భాగానికి నల్ల కాగితం పెట్టి చేసే ప్రయోగం ఉంది కదా. గైడు ముట్టుకోకుండా రాయమన్నాను. ఒకమ్మాయి ఇలా రాసింది: "ఆకుకు కాగితం పెట్టినం. స్పిరిట్‌లో ఉడకబెట్టినం. అయోడిన్ వేసినం. పిండిపదార్థం ఉన్నదని తెలిసింది." నేను దిద్దలేదు. కింద పెన్సిల్‌తో రెండు ప్రశ్నలు రాశాను: ఆకులో ఎక్కడ ఉంది? స్పిరిట్ ఎందుకు?

రెండోసారి రాసింది చూడండి: "కాగితం లేని చోట నీలి నలుపు వచ్చింది. కాగితం ఉన్న చోట రాలేదు. ఎందుకంటే అక్కడ ఎండ తగల్లేదు, పిండిపదార్థం తయారు కాలేదు. స్పిరిట్‌లో పచ్చరంగు పోకుంటే ఈ తేడా మనకు కనబడదు." ప్రయోగం ఆ పిల్లకు అర్థమైంది చేసిన రోజున కాదు, రెండోసారి రాసిన రోజున. మొక్కను ముందుగా చీకట్లో ఎందుకు ఉంచామో ఇంకా రాయలేదు. అది మర్నాడు మాట్లాడుకున్నాం.

అపోహ: తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్దాలి.

వాస్తవం: పేజీ అంతా ఎర్రగా ఉంటే పిల్లలు మార్కు చూసి నోట్సు మూసేస్తారు. నేను వారానికి ఒక్క విషయమే చూస్తాను. ఈ వారం 'ఎందుకంటే' తర్వాత నిజంగా కారణం ఉందా, అంతే. శాస్త్ర పదం తప్పుగా రాస్తే మాత్రం వెంటనే సరిచేస్తాను. 'పెట్టినం', 'చేసినం' అని రాస్తే మొదటి రాతలో అస్సలు అడ్డు చెప్పను.

అపోహ: ఇంగ్లిష్ మీడియంలో ఉన్నారు కాబట్టి తెలుగులో రాయనివ్వకూడదు.

వాస్తవం: 2022-23లో మన దగ్గర ప్రభుత్వ బడులన్నింటిలో, ముందు ఎనిమిదో తరగతి వరకు, ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు పాఠ్యపుస్తకాలే రెండు భాషల్లో పక్కపక్కన వచ్చాయి. ముందు తెలుగులో ఆలోచన తేల్చుకున్న పిల్లలు తర్వాత ఇంగ్లిష్‌లో సొంతంగా నాలుగు వాక్యాలైనా రాస్తారు.

అపోహ: ఇవన్నీ చేస్తే సిలబస్ అవ్వదు.

వాస్తవం: ఈ టెన్షన్ నాకూ ఉంది. పీరియడ్ చివర ఐదు నిమిషాలు నేను తీయగలను. మిగతాది బడి చేయాలి. మా హెచ్ఎం నెలకోసారి అరగంట ఇచ్చారు. ఐదుగురు పిల్లల నోట్సులు, అన్ని సబ్జెక్టులవీ ఒకే టేబుల్ మీద పెట్టుకుని చూశాం. సైన్స్‌లో రెండు లైన్లతో ఆపేసే అబ్బాయి సాంఘికంలో ఊరి చెరువు గురించి పేజీ నిండా రాశాడు. వాడికి రాత వచ్చు. సైన్స్‌లో ఎలా రాయాలో నేను చూపించలేదు.

ఆ రోజే 'వర్ణించండి', 'పోల్చండి', 'కారణాలు తెలపండి', 'వ్యాఖ్యానించండి' అంటే ఏం రాయాలో అందరం కలిసి ఒక చార్టు తయారుచేసి ప్రతి తరగతి గోడకూ అంటించాం. లఘు పరీక్షలో (స్లిప్ టెస్టులో) తలెత్తి దాన్ని చూసుకునే పిల్లల్ని ఎవరమూ ఆపడం లేదు.