దేవరకు వచ్చినవాళ్లలో చుట్టాలెందరు?

కర్నూలులో ఒక కళాశాలలో నా ఉపన్యాసం ముగిసిన తరువాత, ఆదోని నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయిని తన అక్కగారి రొమ్ము క్యాన్సర్ రిపోర్టును నా ముందు పెట్టి, అందులో హెర్2 (క్యాన్సర్ కణాల పైన ఉండే ఒక గ్రాహకం, అంటే మందు వచ్చి అతుక్కొనే ప్రోటీను) ఎదురుగా 2+ (ఉందో లేదో తేల్చలేని నడిమి స్థాయి) అని ఉన్న చోట వేలు ఆనించి, "సార్, సూదితో తీసింది అగ్గిపుల్లలో సగమంత ముక్క. మిగతా గడ్డంతా ఇట్లే ఉందని ఎట్ల చెప్తారు?" అని అడిగారు. సూది తగిలితే గడ్డ పాకుతుందని ముక్క పరీక్షకే ఒప్పుకోని కుటుంబాలు మా వైపు ఇంకా ఉన్నాయి. ఆ భయంతో పోగొట్టుకొనే నెలలే అసలు నష్టం. ఆమె సందేహం అటువంటిది కాదు, న్యాయమైనది. కణితిలో ఒక మూల గ్రాహకాలు దట్టంగానూ, మరొక మూల పలుచగానూ ఉండవచ్చు.

గ్రాహకమంటే తాళమనీ, మందు తాళంచెవి అనీ పాఠం చెప్పి మన తరగతి గదులు అక్కడితో ఆగిపోతాయి. ఎన్ని తాళాలున్నాయో లెక్కపెట్టడమెలా అన్నదే నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న. గ్రాహకానికి అతుక్కొనే అణువుకు మెరిసే రంగును జతచేసి రక్తంలోకి ఎక్కించి, కణితి ఎంత మెరిస్తే అన్ని గ్రాహకాలు ఉన్నట్లేనని అనుకోవచ్చు. అది పొరపాటు. కణితిలోని రక్తనాళాలు కారుతూ ఉంటాయి, బయటికి పోయే దారులు సరిగా ఉండవు. అందువల్ల ఏ గ్రాహకానికీ అతుక్కోని పెద్ద అణువులు కూడా అక్కడ పేరుకుంటాయని 1986లో మత్సుమురా, మయెదా అనే జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

మన పల్లెల్లో దేవర, అంటే గ్రామదేవత జాతర, జరిగే రోజును తలచుకోండి. ఊరిలో జనం కిక్కిరిసి ఉన్నంత మాత్రాన ఆ ఊరివాళ్లకు చుట్టాలెక్కువని చెప్పలేము. రోడ్డు పక్క ఊరైతే వేడుక చూడడానికే వందలమంది దిగుతారు. ఇప్పుడు ప్రతి ఊరికీ చుట్టరికం ఉన్నవాళ్లనూ, లేనివాళ్లనూ సమాన సంఖ్యలో, అవే బస్సుల్లో పంపామనుకొందాము. బస్సులు తక్కువైతే ఇద్దరూ తక్కువగానే వస్తారు, దారి బాగుంటే ఇద్దరూ ఎక్కువగానే వస్తారు. చుట్టరికం లేనివాడు నాలుగు వీధులు తిరిగి, బొరుగులు కొనుక్కొని తిరుగు బస్సెక్కుతాడు; ఉన్నవాడిని మాత్రం పొట్టేలు కూర తిననిదే ఇంటివాళ్లు కదలనివ్వరు. చుట్టాలు ఎంతమంది మిగిలారో చుట్టరికం లేనివాళ్లతో పోల్చితే బస్సుల సంగతి లెక్కలోంచి తొలగిపోయి, పిలిచే ఇళ్ల సంగతి మిగులుతుంది.

జంట అణువుల పద్ధతి సరిగ్గా ఇదే. అతుక్కొనే అణువుకు ఒక రంగు, పరిమాణంలోనూ ప్రవర్తనలోనూ దానికి దగ్గరగా ఉండి అతుక్కోని అణువుకు మరొక రంగు పెట్టి, రెండింటినీ కలిపి ఎక్కిస్తారు. ఒక కణితిలో మొదటిది 30, రెండవది 10 వంతులు కనిపిస్తే, తేడాను రెండవదానితో భాగించగా 2 వస్తుంది. ఇంకొక కణితిలో 12, 3 వంతులైతే 3 వస్తుంది. మసకగా కనిపించిన కణితిలోనే గ్రాహకాలు దట్టంగా ఉన్నాయన్న మాట! ఈ సంఖ్య అందుబాటులో ఉన్న గ్రాహకాల గాఢతను, సగం గ్రాహకాలు నిండడానికి కావలసిన అణువుల గాఢతతో భాగిస్తే వచ్చేదానికి సమానం. ఆ రెండవ గాఢత 1 నానోమోలార్ అయితే, 3 అన్న జవాబుకు ఒక ఘన మిల్లీమీటరులో సుమారు 180 కోట్ల గ్రాహకాలు ఉన్నట్లు.

మోతాదు మాత్రం అతి స్వల్పంగా ఉండాలి. యాభై ఇళ్ల ఊరికి వెయ్యిమంది చుట్టాలను దింపితే ఇళ్లన్నీ నిండిపోయి, లెక్క దేనికీ కొరగాదు. గ్రాహకాలకు అతుక్కొనే పెద్ద ప్రతిదేహాలకు (యాంటీబాడీలకు) ఇంకొక చిక్కుంది: బస్సు దిగగానే ఎదురైన మొదటి ఇంట్లోనే కూర్చుండిపోయి, లోపలి వీధులకు చేరవు. అందుకే దాదాపు 7 కిలోడాల్టన్ల (అణువుల బరువుకు కొలమానం) బరువుండే అఫిబాడీలనే చిన్న ప్రోటీన్లంటే పరిశోధకులకు మక్కువ. హెర్2కు అతుక్కొనే ప్రతిదేహ మందు ట్రాస్టుజుమాబ్ బరువు దాదాపు 148 కిలోడాల్టన్లు.

రేడియోధార్మిక అణువులను ఎక్కించి తీసే పెట్ స్కాన్‌తో ఒళ్లంతా చూడవచ్చు, కానీ అందులో ఏ అణువు నుంచి వచ్చినా వెలువడేది 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణమే కాబట్టి, చుట్టమెవరో చూడవచ్చినవారెవరో ఒకేసారి పోల్చుకోవడం కష్టం. పరారుణానికి చేరువ కాంతిలో రెండు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి గాని, అది శరీరంలో సెంటీమీటరు లోతు దాటితే మసకబారుతుంది. అందుకే ఈ జంట పద్ధతి ఇప్పటికి ఎక్కువగా పరిశోధనల్లోనూ, శస్త్రచికిత్సలో కణితి అంచులను గుర్తించే ప్రయత్నాల్లోనూ ఉంది.

ఆ ఉపాధ్యాయినికి నేను చెప్పగలిగింది 2+ తరువాత చేసే, జన్యువులను మెరిసే చుక్కలుగా చూపే ఫిష్ పరీక్ష గురించి. అక్కడా జంట ఉపాయమే: కణంలో హెర్2 జన్యువు చుక్కలను లెక్కపెట్టి, అదే 17వ క్రోమోజోము నడుమనున్న చుక్కలతో భాగిస్తారు. నిష్పత్తి 2 గాని అంతకు మించి గాని ఉండి, కణానికి సగటున 4కు తగ్గకుండా హెర్2 ప్రతులుంటే పాజిటివ్. అయితే ఆ లెక్క కూడా ఆ అగ్గిపుల్లలో సగమంత ముక్క మీదనే.