తాళంకప్ప ఒక్కటే ఎవరు కొంటారు?

2012 డిసెంబరులో బ్రెజిల్‌లో ఉంటున్న అమెరికా పాత్రికేయుడు గ్లెన్ గ్రీన్‌వాల్డ్‌కు ముక్కూమొహం తెలియని మనిషి నుంచి ఈమెయిల్ వచ్చింది. మీతో మాట్లాడాలి, ముందు మీ కంప్యూటర్‌లో పీజీపీ పెట్టుకోండి అని దాని సారాంశం. ఉత్తరాన్ని ఎవరూ చదవలేని రహస్య లిపిలోకి మార్చే సాఫ్ట్‌వేర్ పీజీపీ. గ్రీన్‌వాల్డ్ రేపుమాపు అంటూ వాయిదా వేశారు. అవతలి మనిషి ఎలా పెట్టుకోవాలో వివరంగా రాసి పంపాడు, చివరికి వీడియో కూడా తీసి పంపాడు. పని జరగలేదు. 2013 జనవరిలో అతను లారా పాయిట్రస్ అనే డాక్యుమెంటరీ దర్శకురాలిని వెతికి పట్టుకున్నాడు. ఆమెకు ఆ విద్య ముందే తెలుసు. ఆ అజ్ఞాత వ్యక్తి, అమెరికా ప్రభుత్వ రహస్య నిఘాను 2013లో బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్. ప్రభుత్వ నిఘా గురించి రాసే పాత్రికేయుడికే అది అంత భారమైతే, మామూలు మనిషి డబ్బిచ్చి ఎందుకు కొంటాడు?

పీజీపీని ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ 1991లో విడుదల చేశారు. దాని వెనుక ఉన్న ఆలోచన ఎంత అందమైనదో చెప్పకుండా ఉండలేను. నేను వంద తాళంకప్పలు తెరిచి ఊరంతా పంచిపెడతాను. తాళంచెవి మాత్రం నా మొలతాడుకే ఉంటుంది. నాకు ఏదైనా పంపదలచినవారు దాన్ని పెట్టెలో పెట్టి, నా కప్పను నొక్కి పంపాలి. ఒకసారి నొక్కాక వేసినవారు కూడా దాన్ని తెరవలేరు. ముందుగా కలుసుకుని రహస్య సంకేతం మాట్లాడుకోవలసిన అవసరం లేకుండా, ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు గుట్టుగా మాట్లాడుకోగలరు. వేల ఏళ్లుగా రాజులకూ గూఢచారులకూ దొరకని సౌకర్యం ఇది.

అయితే ఆ సౌకర్యాన్ని జనం చేతిలో పెట్టి చూస్తే ఏమయిందో 1999లో అల్మా విటెన్, జె. డి. టైగర్ అనే పరిశోధకులు చూపించారు. ఈమెయిల్ బాగా అలవాటున్న 12 మందిని పిలిచి, ఒక ఎన్నికల ప్రచార బృందంలో ఉన్నట్టు ఊహించుకోమని, తోటి సభ్యులకు రహస్య సమాచారం పంపమని అడిగారు. ఇచ్చిన సమయం 90 నిమిషాలు. పని సరిగా పూర్తి చేసినవారు మూడో వంతు మందే. ముగ్గురు ఆ రహస్యాన్ని ఏ రక్షణా లేకుండా పొరపాటున పంపేశారు. ఏడుగురు మిత్రుల కప్పలకు బదులు తమ సొంత కప్ప వేశారు. ఆ పెట్టెను మిత్రులు తెరిచేదెలా? వీరెవరూ తెలివితక్కువవారు కారు. వారు కూర్చున్నది ఉత్తరం పంపడానికి. సాఫ్ట్‌వేర్ మాత్రం ముందు తాళాల శాస్త్రం నేర్చుకోమంది.

ఫోను కనిపెట్టిన తొలి రోజుల్లో ఒక్క ఇంట్లోనే ఫోను ఉంటే ఎంత ఉపయోగమో, ఒక్కరి దగ్గరే ఉన్న పీజీపీ కూడా అంతే. కొన్నేళ్ల క్రితం మా బావమరిది సంక్రాంతికి వచ్చినప్పుడు అతని కంప్యూటర్‌లో నేనే అన్నీ అమర్చాను. తర్వాత పొలం కాగితాలు స్కాన్ చేసి రహస్య లిపిలో పంపాను. ఈలోగా అతను కంప్యూటర్ మార్చాడు. పాతదానితోపాటు తాళంచెవి కూడా పోయింది. సాయంత్రం ఫోను చేశాడు. “బావా, తెర నిండా ఏవో అక్షరాలు, అంకెలు కలగాపులగంగా వచ్చాయి. ఇదంతా ఎందుకు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టెయ్యి.” పెట్టేశాను.

వ్యాపార చరిత్ర కూడా ఇదే చెబుతుంది. పీజీపీని అమ్మడానికి జిమ్మర్‌మన్ 1996లో పెట్టిన కంపెనీని మరుసటి ఏడాది నెట్‌వర్క్ అసోసియేట్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొన్నది. 2002 వచ్చేసరికి వద్దనుకుని వదిలించుకుంది. దాన్ని తీసుకున్న కొత్త కంపెనీని 2010లో సిమాంటెక్ అనే మరో సాఫ్ట్‌వేర్ సంస్థ సుమారు 30 కోట్ల డాలర్లకు కొన్నది. మధ్యలో మారింది ఏమిటి? ఖాతాదారుల వివరాలు పోతే వారికి తెలియజేయాలన్న చట్టం 2003లో కాలిఫోర్నియాలో అమల్లోకి వచ్చింది. ఆ వివరాలు ఎన్‌క్రిప్షన్‌లో, అంటే రహస్య లిపిలో, ఉంటే మాత్రం చెప్పనక్కరలేదు. ఉద్యోగి ల్యాప్‌టాప్ పోతే పరువు పోతుందన్న భయం కంపెనీలకు పట్టుకుంది. పైగా ల్యాప్‌టాప్‌లోని డిస్కుకు తాళం వేయడానికి, ఉత్తరానికిలా అవతలి మనిషితో పనే లేదు. భయానికి ధర ఏర్పడింది కనుక సరుకు కదిలింది.

కొనాలనుకున్నవారికీ మరో చిక్కుంది. గట్టి తాళమూ, డొల్ల తాళమూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. వాడిన కారు మంచిదో కాదో కొనేవాడికి తెలియనప్పుడు మంచి కార్లు సంత నుంచి తప్పుకుంటాయని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో వివరించారు. సరిగ్గా అదే ఏడాది, సంకేతలిపి యంత్రాలమ్మే స్విస్ కంపెనీ క్రిప్టో ఏజీని అమెరికా, పశ్చిమ జర్మనీ గూఢచార సంస్థలు రహస్యంగా కొనేశాయి. వందకు పైగా దేశాలు ఆ యంత్రాలు కొన్నాయి. ఆ జాబితాలో భారత్ ఉంది, పాకిస్తాన్ కూడా ఉంది. చాలా యంత్రాల్లో అమ్మినవాడు చదువుకోవడానికి వీలుగా లోపం పెట్టారు. ఇదంతా పూర్తిగా బయటపడింది 2020 ఫిబ్రవరిలో. ప్రభుత్వాలే దశాబ్దాలపాటు పోల్చుకోలేని తేడాను దుకాణంలో నిలబడ్డ మనిషి ఎలా పోల్చుకుంటాడు?

నిజాయతీగా చేసినవారికి దక్కింది తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. పీజీపీ పద్ధతికే ఉచిత రూపమైన జీపీజీని జర్మనీలో వెర్నర్ కోచ్ 1997 నుంచి దాదాపు ఒంటిచేత్తో నిలబెట్టారు. ప్రపంచమంతా దాన్ని వాడుతుండగా ఆయన మాత్రం డబ్బుకు కటకటలాడారు. ఆ సంగతి 2015లో పత్రికల్లో వచ్చాకే విరాళాలు అందాయి.

ఎన్‌క్రిప్షన్ గెలిచింది అమ్ముడుపోయి కాదు, ఇంకో వస్తువులో కలిసిపోయి. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ తన వంద కోట్లకు పైగా వినియోగదారుల సంభాషణలన్నిటికీ ఒకేసారి తాళం వేసింది. ఎవరినీ ఏ మీటా నొక్కమనలేదు, ఏ పాఠమూ చదవమనలేదు. మా పొలం కాగితాల ఫోటోలు కూడా ఆ తాళంతోనే వెళ్లాయి. మా బావమరిది అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ ఫోటోల నకళ్లు బ్యాకప్‌లోకి వెళ్లినప్పుడు మాత్రం ఆ తాళం దానంతటదే పడదు. 2021లో వాట్సాప్ దానికీ తాళం ఇచ్చింది కానీ, ఎవరికి వారు సెట్టింగుల్లోకి వెళ్లి వేసుకోవాలి. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు అతని ఫోను తీసుకుని ఆ పేజీ తెరిచాను. పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది.

“ఇది మరిచిపోతే ఏమవుతుంది బావా?”

“ఫోను కూడా పోతే పాత సందేశాలు ఇక తిరిగి రావు. కంపెనీ కూడా తెచ్చివ్వలేదు.”

కాసేపు ఆలోచించి ఫోను వెనక్కి తీసుకున్నాడు.

“అందులో అమ్మ ఫోటోలున్నాయి. వద్దులే.”